కోట గోడ మీది దుంకుడు

పదమూడేళ్లుగా టాకీసు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపుతున్న మనిషికి సినిమా అంటే ఏముంటుంది? పిక్కల నొప్పి ఉంటుంది. ఎండాకాలం చెమట, వానాకాలం బురద కాళ్లు, ఏడాది పొడుగునా అరుపులు. హీరో గెలుస్తాడని నాకు ముందే తెలుసు. రోజుకు మూడుసార్లు గెలుస్తాడు. గెలిచిన ప్రతిసారీ కుర్చీలు విరిచేది అభిమానులు, మేకులు కొట్టుకునేది నేను.

నా పేరు బాలనర్సయ్య. మాది జనగామ. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని రోడ్డెక్కిన కాలేజీ పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అప్పుడు కుడి భుజం మీద పడ్డ లాఠీ దెబ్బ మబ్బు పట్టినప్పుడల్లా పలకరిస్తుంది. చదువు పోయింది, రాష్ట్రం రాలేదు. నేను మహబూబాబాద్ వచ్చి రామలింగం సేటు టాకీసులో కుదిరాను. ఈ ఊరిని ఇక్కడివాళ్లు మానుకోట అంటారు.

ఎనభై నాలుగు మార్చిలో మా టాకీసుకు 'గాలిదొర' వచ్చింది. హైదరాబాదులో నలభై రోజులు ఆడి, వరంగల్లులో అరిగి, గీతలు పడ్డ ప్రింటు మాకొచ్చింది. కథ పెద్దగా ఏమీ లేదు. హీరో చంద్రకిరణ్ పగలు నోట్లో నాలుక లేని బడిపంతులు. ఎవరికైనా ఆపద వస్తే నల్ల ముసుగు, వీపుకు నల్లగుడ్డ కట్టుకుని కోటల మీంచి, రైళ్ల మీంచి దూకుతాడు. అతనికి దెబ్బ తగలదు.

పోస్టరు చూసి మా ఆపరేటర్ మొగిలి కాసేపు తల గోక్కున్నాడు.

"ఇన్నేండ్లు నేల మీది దొరలతోనే సచ్చినం నర్సన్నా. ఇగ గాలిల గూడ దొరనేనా?" అన్నాడు.

అభిమానులకు ఆ బాధ లేదు. చంద్రకిరణ్ అభిమాన సంఘానికి మానుకోటలో అధ్యక్షుడు రామ్మోహన్. కిరాణా వెంకట్రాజం సేటు కొడుకు, ఇరవై మూడేళ్ల వాడు. కుడి ముంజేతి మీద హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. అది అందరికీ కనబడాలని ఎప్పుడూ పొట్టి చేతుల చొక్కాలే వేస్తాడు. వాళ్ల నాయన దుకాణంలో కూర్చోమంటే తలనొప్పి వచ్చే పిల్లాడు, ముప్పై అడుగుల కటౌట్‌కు పూలదండ వేయడానికి నిచ్చెన కూడా లేకుండా ఎక్కాడు. కింద నిలబడి చూస్తుంటే నాకే కళ్లు తిరిగాయి. చెడ్డవాడని అనను. పిచ్చివాడు, అంతే.

మొదటివారం మధ్యలో ఒకరోజు మ్యాట్నీకి తండా ఆడవాళ్లు వచ్చారు. గార్ల దగ్గరి తండా వాళ్లది. పొద్దటి ప్యాసింజరులో వచ్చి, అంగట్లో పని చూసుకుని, సినిమా చూసి, సాయంత్రం బండికి వెళ్లిపోతారు. ఆరుగురు. అద్దాల రవికెలు, అంచుల దాకా కుట్టిన లంగాలు, నడుస్తుంటే గజ్జెల చప్పుడు. ముందు నడుస్తున్న ముసలామె ఆరు నేల టికెట్లు నా చేతిలో పెట్టి అడిగింది.

"బిడ్డా, ముసుగాయన ఎప్పుడొస్తడు?"

"జర ఓపిక వట్టు అవ్వా. అరగంటకు వస్తడు."

"ముసుగు లేకుంటె నాకక్కర లేదు. వచ్చేటప్పుడు చెప్పు," అంది.

సినిమా చూడటానికి వచ్చి హీరో మొహం అక్కర్లేదన్న మనిషిని నేను అప్పుడే చూడటం. ఎండకు తల తిరిగిందేమో అనుకుని ఊరుకున్నాను.

అరగంటకు కోట సీను వచ్చింది. నిండు టాకీసు. ముసుగు మనిషి కోట గోడ మీద నిలబడ్డాడు, గాలికి నల్లగుడ్డ ఎగిరింది. అభిమానులు కాగితపు ముక్కలు చేతుల్లో పట్టుకుని లేచారు. అతను దూకాడు. వాళ్లు కాగితాలు విసిరే లోపలే నేల మీంచి ఏడుపు లేచింది.

మామూలు ఏడుపు కాదు. రాగం తీసి, మాటలు కలిపి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఆరుగురూ ఏడుస్తున్నారు. శవం ముందు కూర్చుని ఏడ్చినట్టే ఉంది. హాలంతా ఒక్కసారి చప్పబడిపోయింది. ఈలలు ఆగిపోయాయి. చేతుల్లోంచి జారిన కాగితాలు మాత్రం మెల్లగా కిందికి రాలుతున్నాయి.

ఆ తర్వాత గోల మొదలైంది. "మా హీరో రాంగనే శోకాలు పెడ్తరా!", "అపశకునం!", "గుంజి బయటెయ్యున్రి!" అని బెంచీలు చరిచారు. రామ్మోహన్ బాల్కనీ మెట్లు రెండేసి చొప్పున దిగి నా మీదికి వచ్చాడు.

"నర్సన్నా, వాళ్లను తీస్తవా, నేను తియ్యాల్నా?"

టార్చిలైటు పట్టుకుని వెళ్లాను. నా ఉద్యోగమే అది. ముసలామె చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. తెస్తుంటే కోపంగానే ఉంది, అబద్ధం ఎందుకు? టాకీసులో శోకాలేమిటని అరిచాను కూడా. ఆమె కళ్లు తుడుచుకుని నన్ను తెలివిలేని వాణ్ణి చూసినట్టు చూసింది.

"సచ్చినోళ్ల కోసం గాదు బిడ్డా. మా ఇంటి మనిషి చాన్నాళ్లకు కండ్లవడితె మెడ వట్టుకొని గట్లనే ఏడుస్తం. ఎట్లున్నవు, ఏం తిన్నవు, ఇన్నొద్దులు ఎందుకు రాలే అని రాగం దీస్తం. మా పద్ధతి గది. తెరకు మెడ లేకపాయె, అందుకే ఒగల మెడ ఒగలం వట్టుకున్నం."

"తెర మీద నీ ఇంటి మనిషి ఎవరవ్వా?"

"ముసుగుల ఉన్నోడు. నా కొడుకు జైసింగ్."

నా వెనకాల వచ్చి నిలబడ్డ రామ్మోహన్ అది విన్నాడు. మొదట నవ్వాడు. ఆ తర్వాత మొహం ఎర్రబడింది.

ఆమె పేరు సక్రి. పెనిమిటి రాంజీ చనిపోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు జైసింగ్, మూడేళ్ల కింద మద్రాసు పోయి సినిమా ఫైటర్ల దగ్గర చేరాడు. హీరోలకు దెబ్బలు తగలకుండా వాళ్ల బదులు దూకే పని, పడే పని. దసరాకు ముందు ఉత్తరం రాశాడు. సక్రి రొంటిన దోపుకున్న సంచి తీసి ఆ ఉత్తరం నాకు ఇచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. 'యాడీ, ఈసారి పెద్ద సినిమా. ముసుగు ఏసుకున్నప్పుడల్ల నేనే ఉంట. కోట గోడ మీదికెల్లి దుంకుత. మానుకోటకు వస్తది, చూడు. సంక్రాంతి దాటినంక ఇంటికొస్త' అని ఉంది. యాడి అంటే వాళ్ల భాషలో తల్లి.

"ఎవడో రాస్తే అయిపాయెనా?" అన్నాడు రామ్మోహన్. "అన్ని దుంకుళ్లు చంద్రకిరణే దుంకిండు. పత్రికల ఏసిన్రు. ఆయన ఒంటికి తగిలిన దెబ్బల ఫొటోలు గూడ ఏసిన్రు. గాయన ముసుగుల లంబాడోడా? ఎవరన్న ఇంటె మా పరువేం గాను?"

సక్రి అతని మాటలకు కోప్పడలేదు. తన ఎడమ మోచేతిని పట్టుకుని చూపించింది.

"చిన్నప్పుడు ఇప్ప చెట్టు మీదికెల్లి పడ్డడు. చెయ్యి వంకర అతికింది. ఎంత సాపు జేసినా మోచెయ్యి బయటికే వోతది. దుంకినప్పుడు చూడు బిడ్డా. పెద్ద హీరోకు నా కొడుకు చెయ్యి ఎట్లొస్తది?"

ఆ సాయంత్రం మొదటి ఆటకు నేను తలుపు తీసుకుని లోపల నిలబడ్డాను. కోట గోడ మీంచి ముసుగు మనిషి దూకాడు. రెండు చేతులూ చాచాడు. కుడిది సూటిగా ఉంది. ఎడమది మోచేతి దగ్గర బయటికి వంగి ఉంది. నాలుగు రోజుల నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా కంటికి ఆనలేదు. పదమూడేళ్లలో మొట్టమొదటిసారి నాకు తెర మీద ఒక మనిషి కనబడ్డాడు. సంతోషమేసింది, దాచుకోవడమెందుకు? మా తెలంగాణ వాళ్లు సినిమాలో కనబడాలంటే తాగుబోతో, దొంగో, హీరో చేత తన్నులు తినే నౌకరో కావాలి. ఈ సినిమాలోనూ అలాంటి నౌకరు ఉన్నాడు, నోరు తెరిస్తే మన మాటే మాట్లాడతాడు, అతను 'ఏంది, ఎట్ల' అనగానే మనవాళ్లే పడీ పడీ నవ్వుతారు. నేను మాత్రం నవ్వను. అలాంటి సినిమాలో దెబ్బ తగలని వీరుడి ఒళ్లు గార్ల తండాదైతే నాకెందుకు సంతోషం ఉండదు?

రామలింగం సేటు ఇద్దరి మధ్యా రాజీ చేశాడు. ఆయనకు హాలు నిండితే చాలు. తండా వాళ్లు రావచ్చు, ఏడవవచ్చు, కాని ఎడమ పక్క గోడ వారగా కూర్చోవాలి. అభిమానులు చెయ్యి చేసుకోకూడదు. రామ్మోహన్ పళ్లు కొరుక్కుని ఒప్పుకున్నాడు.

సక్రి వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా ఇంకో నలుగురిని వెంట తెచ్చేది. వాళ్లకు ఈ సినిమా వేరేగా ఆడింది. హీరో మొహంతో ఉన్న సీన్లలో తమ ఇంటి ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. హీరోయిన్ మారువేషం వేసుకుని లంబాడీ పాట పాడేటప్పుడు ఊరి మొగవాళ్లంతా నోళ్లు తెరిచి చూస్తుంటే, వీళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్లు.

"పెండ్లి గాని పిల్లకు మోచేతి మీద గాజులేంది? గవి పెండ్లయినోళ్లయి. మమ్ముల ఒక్కలనన్న అడగకపోయిన్రా?" అనేది సక్రి.

ముసుగు రాగానే అందరూ నిటారుగా కూర్చునేవాళ్లు. మొదటి దుంకుడుకు ఏడ్చేవాళ్లు. ఆ తర్వాతవి వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు. రైలు మీంచి రెండు, మేడ మీంచి మూడు, కొండ మీంచి నది లోకి ఒకటి. మొత్తం ఏడు. బయటికి వచ్చేటప్పుడు సక్రి ఏడు వేళ్లు చూపించి నవ్వేది.

రెండో వారం వచ్చేసరికి విచిత్రం జరిగింది. అభిమానులకు ఆ ఏడుపు అలవాటైపోయింది. అలవాటు కావడమే కాదు, కావాల్సి వచ్చింది. తండా వాళ్లు రాగం ఎత్తుకోగానే వీళ్లు ఈలలు అందుకునేవాళ్లు. ఏడుపు లేని ఆట చప్పగా ఉందని నాతోనే అన్నారు. ఈ జనాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో జన్మ కావాలి.

ఒకరోజు ఇంటర్వెల్‌లో సక్రికి మంచినీళ్లు ఇచ్చి అడిగాను.

"అవ్వా, సంక్రాంతి దాటినంక వస్తనన్నడు గదా. మళ్ల ఉత్తరం వచ్చిందా?"

"రాలే. ఆర్నెల్లాయె."

"పరేషాన్ లేదా నీకు?"

"మొదట్ల ఉండె. నిద్ర పట్టకపోయేది. సినిమా చూసినంక పోయింది," అంది. నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది. "ఆ కోట గోడ చూస్తివా, ఎంత ఎత్తున్నదో. గంతెత్తు దుంకినోడు మళ్ల రైలు మీదికెల్లి దుంకిండు. ఆఖర్ల నదిల గూడ దుంకిండు. బాగ లేనోడు అన్ని దుంకుతడా? పనిల వడి మర్శిండు గని, మంచిగనే ఉన్నడు."

ఆమె సినిమాను ఉత్తరం లాగా చదువుకుంటోంది. మొదటి దుంకుడు ముందు జరిగిందని, ఏడోది తర్వాత జరిగిందని, ఏడోదాని దాకా కొడుకు క్షేమంగా ఉన్నాడని. సినిమా అలా తీయరని, చివరిది ముందు తీస్తారని, ముందుది చివర తీస్తారని ఆమెకు ఎవరు చెప్పాలి?

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి నన్ను పట్టుకుంది. ఇంటర్వెల్ తర్వాత లోపలికి వెళ్లి మిగిలిన దుంకుళ్లు చూశాను. మర్నాడూ చూశాను. మూడోరోజు పొద్దున ఆట మొదలు కాకముందే మొగిలి దగ్గరికి ఎక్కి, రీళ్లు ఒక్కొక్కటే చేత్తో తిప్పించి, ఫిల్ము బల్బుకు అడ్డం పెట్టించి చూశాను. కోట గోడ మీది మనిషికి ఎడమ చెయ్యి వంకర. రైలు మీది మనిషికి రెండు చేతులూ సాపు. మేడ మీదివాడికీ సాపు. నదిలోకి దూకినప్పుడైతే కోట గోడ మనిషి కన్నా లావని కూడా తెలుస్తోంది.

"ఏం చూస్తున్నవు నర్సన్నా?" అన్నాడు మొగిలి.

"ఒక్కటే ఉన్నది మొగిలీ. ఏడింట్ల ఒక్కటే వానిది."

మొగిలి రీలు చుట్టడం ఆపేశాడు. ముసుగు వేసుకున్నప్పుడల్లా నేనే ఉంటానని రాసిన వాడు ఒక్క దుంకుడుతో ఎందుకు ఆగిపోయాడు?

తర్వాతి అంగడి రోజున మెల్లగా కదిపాను. రైలు మీద దూకేటప్పుడు చెయ్యి వంకర కనబడలేదేమిటవ్వా అన్నాను. ఆమె మొహం క్షణం పాటు గట్టిపడింది.

"నల్లగుడ్డ కప్పింది. గాలికి ఎగిరి చెయ్యి మీద వడ్డది. నేను జూసిన," అంది.

ఆమెకు ఆ గుడ్డ కావాలి. కాని ఆర్నెల్లుగా ఉత్తరం లేని కొడుకు సంగతి ఎవరో ఒకరు కనుక్కోవాలి కదా. మద్రాసులో నాకు ఎవరున్నారు? వెళ్లేవాడు ఒక్కడే ఉన్నాడు. చంద్రకిరణ్ పుట్టినరోజుకు జిల్లాల నుంచి అభిమాన సంఘాలు మద్రాసు పోతున్నాయి. రామ్మోహన్ పెట్టె సర్దుకుంటున్నాడు.

దుకాణానికి వెళ్లి బెల్లం దిమ్మెల మధ్య అతన్ని పట్టుకున్నాను.

"రామ్మోహనూ, నీ హీరోనే అన్ని దుంకిండని నీకు నమ్మకం ఉన్నది గదా?"

"నూటికి నూరుపాళ్లు."

"మరి ఫైటర్లనే అడిగి రా. జైసింగ్ అనేటోడు ఎవడు, ఏడున్నడు, ఏం దుంకిండు. వాడు అబద్ధాలకోరైతే సక్రి ముంగట్నే చెప్పు. నేనే గేటుకాడ నిలవడి తండోళ్లను ఆపుత."

"మాట తప్పవు గదా?"

"తప్ప."

అతను వెళ్లింది పందెం గెలవడానికే. నేను పంపింది మాత్రం జైసింగ్ బతికున్నాడని ఎవరైనా చెబితే వినాలని. వారం రోజులు గేటు దగ్గర నాకు ఏ మొహమూ సరిగా ఆనలేదు.

నాలుగో వారం చివరి రోజు. మర్నాడు ప్రింటు డబ్బాలు భూపాలపల్లి డేరా టాకీసుకు పోతాయి. పొద్దున పది గంటలకు నేను సైకిల్ స్టాండులో నీళ్లు చల్లుతుంటే రామ్మోహన్ వెనక సందులోంచి వచ్చాడు. ఏప్రిల్ ఎండలో నిండు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్ల దాకా గుండీలు పెట్టుకున్నాడు. పచ్చబొట్టు కనబడటం లేదు. అది చూడగానే నాకు సగం తెలిసిపోయింది.

"జైసింగ్ అంటె ఎవ్వలకు ఎర్క లేదు నర్సన్నా," అన్నాడు. సైకిళ్ల పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "నేను గెలిచిననుకున్న. పోబోతుంటె గుర్తుకొచ్చి మోచెయ్యి వంకర ఉంటదని చూపించిన. చాయ తాగుతున్న ఫైటర్లందరు గప్‌చుప్ అయిన్రు. 'బెజవాడ జయరాజా?' అన్నరు."

"బెజవాడేంది?"

"గట్లనే చెప్పుకున్నడట. పేరు మార్చిండు, ఊరు మార్చిండు. లంబాడోడంటె, గీ మాట మాట్లాడితె అందరు నవ్వుతరని. మూడేండ్లు ఆంధ్ర మాటనే మాట్లాడిండట. మన మాట ఒక్కటి గూడ దొర్లలేదట."

నేను బకెట్టు కింద పెట్టాను.

"కోట గోడ మీదికెల్లి దుంకిండు," అన్నాడు రామ్మోహన్. "అదే మొదటిది. కింద అట్టపెట్టెలు, పరుపులు ఏసిన్రట. కెమెరాల కనవడుతున్నయని చివరి నిమిషంల జర పక్కకు జరిపిన్రట. వాన్కి చెప్పినమని ఒకడు, చెప్పలేదని ఒకడు. దవాఖానల మూడొద్దులు ఉన్నడు. బెజవాడకు తంతి కొట్టిన్రు. అక్కడ ఎవరున్నరు తీసుకునెటందుకు? ఫైటర్లే మోసుకపోయి కాలవెట్టిన్రు. తెల్లారి ఇంకొకన్ని తెచ్చి మిగిలినయన్ని దుంకిచ్చిన్రు. ఈ దుంకుడు మంచిగొచ్చిందని ఉంచుకున్నరు."

"నీ హీరోను అడిగినవా?"

"ఫొటోకు లైన్ల నిలవడ్డప్పుడు అడిగిన. కోట గోడ మీదికెల్లి దుంకినాయన సచ్చిపోయిండట గదా సార్ అన్న." రామ్మోహన్ మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. "'ఏ దుంకుడు?' అన్నడు. నవ్వుకుంట నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగిండు."

అతన్ని తిట్టాలని ఎన్ని రోజుల నుంచి అనుకున్నానో. తిట్టే ఓపిక కూడా లేకపోయింది. ముసలామె ఆ రోజు మ్యాట్నీకి వస్తుంది, చివరి రోజని నేనే చెప్పాను.

"సినిమా పోయినంక చెప్పుదాం నర్సన్నా. ఈ ఒక్కరోజు చూడనీ," అన్నాడు.

"చూసి ఏడు వేళ్లు చూపెడతది నాకు. నేను మొహం ఎక్కడ వెట్టుకోవాలె?"

ఆ రోజు సక్రి ఒక్కతే వచ్చింది, కూలి పనులున్నాయని మిగిలిన వాళ్లు రాలేదు. సైకిల్ స్టాండు నీడలో కూర్చోబెట్టి చెప్పాను. అప్పటిదాకా మనుషులకు నా నోటితో చెప్పిన పెద్ద మాట హౌస్‌ఫుల్ అనే. ఈ మాట ఎలా చెప్పానో నాకే గుర్తు లేదు. రామ్మోహన్ పక్కనే నిలబడి నేను మరిచిపోయినవి అందించాడు. పేరు మార్చుకున్న సంగతి, మూడు రోజుల సంగతి, తంతి సంగతి.

ఆమె ఏడవలేదు. సంచిని ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"కాలవెట్టిన్రా?"

"అవునవ్వా."

"పెండ్లి గానోన్ని కాలవెట్టొద్దు. మా తండాల పూడుస్తరు. పెండ్లయినోళ్లనే కాలవెడ్తరు," అంది. "వాడు చెప్పుకోకపాయె. వాళ్లకెట్ల తెలుస్తది?"

ఆ తర్వాత సంచిలోంచి టికెట్టు తీసింది. అప్పటికే కొనుక్కుని ఉంచుకుంది.

"మొదటి దుంకుడు మాత్రం వానిదేనా బిడ్డా? నిజం చెప్పు."

"వానిదే అవ్వా."

"అయితె చింపు."

వద్దని చెప్పడానికి నాకేం హక్కుంది? చింపాను. తలుపు తీసి, టార్చి వేసి, ఎప్పటి చోటే ఎడమ గోడ వారగా కూర్చోబెట్టాను. చివరి రోజని అభిమానులు సంచుల నిండా కాగితాలు తెచ్చుకున్నారు. రామ్మోహన్ బాల్కనీకి వెళ్లలేదు. ఆమెకు కాస్త వెనకగా నేల మీదే కూర్చున్నాడు. కోమటి సేటు కొడుకు నేల మీద కూర్చోవడం చూసి అతని వాళ్లు ఆశ్చర్యపోయారు.

కోట గోడ వచ్చింది. ముసుగు మనిషి అంచున నిలబడ్డాడు. నల్లగుడ్డ ఎగిరింది. దూకాడు. ఎడమ మోచెయ్యి బయటికి వంగింది.

సక్రి రాగం ఎత్తుకుంది. మెడ పట్టుకోవడానికి ఆ రోజు ఎవరూ లేరు. తన మోకాళ్లనే చుట్టుకుంది. నెల రోజులుగా వింటున్న రాగమే. మాటలు వేరు, అవి నాకు అర్థం కాలేదు, ఒక్క 'జైసింగ్' తప్ప. చివరి ఆటకు కూడా అవ్వ వచ్చిందని అభిమానులకు ఎక్కడలేని హుషారు పుట్టింది. ఈలలు, చప్పట్లు, కాగితాలు. ఆమె తల మీద, భుజాల మీద తెల్లగా పడుతున్నాయి. "ఇంకా గట్టిగా అవ్వా!" అని ఎవడో అరిచాడు. రామ్మోహన్ లేచి వాళ్ల వైపు తిరిగి రెండు చేతులూ ఊపి ఆపమన్నాడు. అధ్యక్షుడే లేచి చేతులు ఊపుతున్నాడని వాళ్లు ఇంకా గట్టిగా ఈలలు వేశారు. అతను అలాగే నిలబడి ఏడ్చాడు. నేను తలుపు పట్టుకుని ఏడ్చాను.

తెర మీద పాట మొదలైంది. సక్రి లేచి, జుట్టులోని కాగితం ముక్కలు దులుపుకుని నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ ఏడోదాని దాకా కూర్చునే మనిషి.

"పోతున్నవా అవ్వా? ఇంక ఆరున్నయి," అన్నాను, ఏమనాలో తెలియక.

"గవి వేరే తల్లి కొడుకుయి బిడ్డా," అంది. "వాళ్ల ఊర్ల ఆమె చూసుకుంటది."

బయట ఎండ మండిపోతోంది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని స్టేషను వైపు నడిచింది. సాయంత్రం బండికి ఇంకా మూడు గంటల టైముంది.